56 ఏళ్ళ పెళ్ళికూతురు

ఈ వారం మన బొమ్మలో హీరోయిను వయసు 56. హీరోగారికి సరిగ్గా ఆ నెలలోనే 55 నిండాయి. ఆవిడది పెళ్ళీడుకొచ్చిన పిల్ల వేషం. ఆయనది ఆ పిల్ల కోసం గుండెల్లో కత్తి దింపుకునే కుర్రాడి వేషం. ప్లేబాక్ లేదు, రీటేకు లేదు, ఆఖరికి మైకు కూడా లేదు!

అప్పుడే పేజీ తిప్పకండి బాబూ. ఒక్క పది నిమిషాలు నాతో కూర్చోండి. ఫైట్లు లేకపోయినా ఓ హత్య ఉంది, ఓ దొంగ ఉత్తరం ఉంది, డ్యూయెట్టు ఉంది, దెయ్యం కూడా ఉంది.

న్యూయార్కులో మెట్రోపాలిటన్ ఒపేరా అని ఓ పెద్ద థియేటరు. సుమారు 3,800 మంది కూర్చునే హాలు. 1982 నవంబరులో అక్కడ జరిగిన ఒక ప్రదర్శనని టెలివిజన్ వాళ్ళు కెమేరాలు పెట్టి ఉన్నదున్నట్టు పట్టారు. ఒపేరా పేరు 'లూచియా ది లామెర్మూర్'. సంగీతం డోనిజెట్టి అనే ఇటలీ ఆయనది. లూచియాగా ఆస్ట్రేలియా గాయని జోన్ సదర్లాండ్, ప్రియుడు ఎద్గార్దోగా స్పెయిన్ గాయకుడు అల్ఫ్రెడో క్రౌస్. ఆర్కెస్ట్రా నడిపింది రిచర్డ్ బోనింగ్, అంటే సదర్లాండ్ గారి భర్తే! కింద గుంటలో మొగుడు కర్ర ఊపుతుంటే పైన స్టేజీ మీద పెళ్ళానికి పిచ్చెక్కుతుందన్నమాట. ఏ సంసారంలో లేదు లెండి ఇది.

ఒపేరా అంటే ఏమిటని అడిగే తమ్ముళ్ళకి ఒక్క ముక్కలో చెబుతా. మన పౌరాణిక నాటకంలో కృష్ణుడి వేషగాడు పద్యం అందుకుని రాగం తీస్తుంటే కథ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది చూశారూ? అర్జునుడు అలా నించునే ఉంటాడు, జనం వన్స్ మోర్ అంటారు, కృష్ణుడు మళ్ళీ అందుకుంటాడు. ఒపేరా కూడా ఆ జాతిదే, కాకపోతే వచనమూ పాటే. అందులో బెల్ కాంతో అనేది ఒక కాలపు బాణీ. ఇటాలియన్‌లో ఆ మాటకి అర్థం అందమైన గానం అని. 1800 దాటాక ఓ నలభై ఏళ్ళపాటు రొస్సీని, బెల్లిని, డోనిజెట్టి అనే ముగ్గురు దాన్ని ఏలారు. ముందు నెమ్మదిగా సాగే పాట, దాని వెనకే పరుగెత్తే పాట. పరుగుపాటని రెండోసారి పాడేటప్పుడు గాయని తన సొంత సంగతులు వెయ్యాలి. మన కచేరీలో ఒకే పల్లవి లైనుకి ఒకదాని మీద ఒకటి సంగతులు పడుతుంటే ముందు వరసలో తల ఊపుతారే, సరిగ్గా ఆ మజా.

ఇక కథ. స్కాట్లండులో రెండు పెద్ద కుటుంబాల మధ్య తరతరాల పగ. లూచియా ఒక ఇంటి ఆడపడుచు. ఎద్గార్దో రెండో ఇంటికి మిగిలిన ఒకే ఒక్క మగవాడు. ఆస్తంతా లూచియా వాళ్ళ చేతుల్లోకి పోగా వాడికి మిగిలింది కూలిపోతున్న ఓ బురుజు. ఇద్దరూ ఒక ఊట దగ్గర రహస్యంగా కలుసుకుంటూ ఉంటారు. ఆ ఊట దగ్గర పూర్వం ఒక పిల్లని ప్రియుడే చంపాడనీ, ఆ పిల్ల దెయ్యం తనకి కనపడిందనీ, నీళ్ళు నెత్తురయ్యాయనీ లూచియా మొదటి పాటలోనే చెబుతుంది. తెలివైన ప్రేక్షకుడికి అక్కడే అర్థమైపోవాలి, ఈ పిల్ల మనసు అద్దం లాంటిదని. చిన్న దెబ్బకే పగులుతుంది.

అన్న ఎన్రీకో పీకలదాకా చిక్కుల్లో ఉన్నాడు. చెల్లెల్ని అర్తూరో అనే పలుకుబడి గల దొరకిచ్చి చేస్తేనే గట్టెక్కుతాడు. ఎద్గార్దో పని మీద ఫ్రాన్సు వెళ్ళాడు. వెళ్ళేముందు ఇద్దరూ ఉంగరాలు మార్చుకుని మేం భార్యాభర్తలం అనేసుకున్నారు. అన్న వాళ్ళ ఉత్తరాలు మధ్యలో పట్టేసి, ఎద్గార్దో ఇంకో దాన్ని కట్టుకుంటున్నాడని దొంగ ఉత్తరం పుట్టించి చెల్లెలి చేతిలో పెడతాడు. ఇంట్లో ఉండే మతగురువు కూడా, నీ కుటుంబం కోసం త్యాగం చెయ్యమ్మా అని మెల్లగా మెత్తగా చెబుతాడు. అన్న కంటే ఆయనే ఎక్కువ అపకారం చేశాడని నా అభిప్రాయం. అరిచే వాడి మీద తిరగబడొచ్చు గానీ, తల నిమిరి చెప్పే వాడి మీద ఎలా తిరగబడతాం?

పెళ్ళి ఒప్పందం మీద సంతకం పెడుతుంది. సిరా ఆరకముందే తలుపులు తోసుకుని ఎద్గార్దో వస్తాడు!

మన డైరెక్టరైతే ఇక్కడ పిడుగులు కురిపించి, ఒక్కొక్క మొహం మీదకి మూడేసి సార్లు కెమేరాని జూమ్ చేసేవాడు. డోనిజెట్టి ఏం చేశాడో చూడండి. కథని ఆపేశాడు. ఆరుగురు నిలబడిన చోట నిలబడి ఒకేసారి ఆరు రకాల మాటలు పాడతారు. ప్రియుడికి కోపం, అన్నకి పశ్చాత్తాపం, పెళ్ళికొడుక్కి అయోమయం, లూచియాకి చావు కావాలి... అన్నీ ఒక్క వరసలో కలిసి, అలలా లేచి పడతాయి. ప్రపంచంలో అతి ఎక్కువ పేరున్న ఒపేరా పాటల్లో ఇదొకటి. 1908లో కరూసో తదితరులు దీన్ని గ్రామఫోను రికార్డుగా ఇస్తే, ఒక్క పాట ఉన్న ఆ రికార్డు 7 డాలర్లకి అమ్మారు, ఆ రోజుల్లో! 1932లో హొవార్డ్ హాక్స్ తీసిన 'స్కార్‌ఫేస్' చూసిన వాళ్ళకి గుర్తుండాలి, అందులో గూండా మనిషిని కాల్చేముందు ఈలవేసే వరస ఇదే.

ఆ రాత్రి పెళ్ళింట్లో డాన్సులు జరుగుతుంటాయి. లూచియా పెళ్ళికొడుకుని పొడిచి చంపేస్తుంది. ఆ హత్య మనకి చూపించరు. మతగురువు వచ్చి చెబుతాడు, పాట ఆగిపోతుంది, జనం చీలి దారి ఇస్తారు, లూచియా వస్తుంది.

ఇది వట్టి కట్టుకథ అనుకునేరు! 1669లో స్కాట్లండులో జానెట్ డాల్రింపుల్ అనే పిల్లకి ఇలాగే ఇష్టం లేని పెళ్ళి చేశారు. ఆ పిల్ల మనసిచ్చింది వేరొకరికి. పెళ్ళిరాత్రి గదిలోంచి కేకలు వినపడి వెళ్ళి చూస్తే పెళ్ళికొడుకు నెత్తుటి మడుగులో ఉన్నాడనీ, పిల్లకి మతి చెదిరిందనీ చెప్పుకుంటారు. కొన్ని వారాలకే ఆ పిల్ల పోయింది. పెళ్ళికొడుకు బతికాడు గానీ, ఆ రాత్రి ఏం జరిగిందో నోరు విప్పలేదట. దాన్ని వాల్టర్ స్కాట్ 1819లో నవల చేశాడు, దాన్ని కమ్మరానో అనే ఆయన పాటల నాటకంగా కుదించాడు, డోనిజెట్టి సంగీతం కూర్చాడు, 1835 సెప్టెంబరు 26న నేపుల్స్‌లోని సాన్ కార్లో థియేటరులో మొదటి ఆట పడింది.

సరే, ఇప్పుడు అసలు సీనుకి వద్దాం. మతి చెదిరిన లూచియా సీను పావుగంట పైమాటే. తెల్లటి రాత్రి దుస్తులు, వాటి మీద నెత్తురు మరకలు, విరబోసుకున్న జుట్టు. తనకి ఎద్గార్దోతోనే పెళ్ళవుతోందని భ్రమ. ఎవరికీ వినపడని వాద్యాలు వింటుంది, ఎవరికీ కనపడని దీపాలు చూస్తుంది. మధ్యలో ఆ ఊట దగ్గరి దెయ్యం అడ్డొస్తే జడుసుకుంటుంది. మొదటి అంకంలో ప్రియుడితో పాడిన డ్యూయెట్టు ముక్క ఒకటి ఆర్కెస్ట్రాలో మెల్లగా వినిపిస్తుంది. మన సినిమాల్లో ఒకే పాట సంతోషంగా ఒకసారి, విషాదంగా ఒకసారి వస్తుందే, అదేదో మన మదరాసు వాళ్ళు కనిపెట్టిన విద్య అనుకునే వాళ్ళు డోనిజెట్టికి ఓ దణ్ణం పెట్టుకోవచ్చు.

ఈ సీనుకి ఆయన మొదట రాసింది గాజు వాద్యం. తడివేళ్ళతో గాజు గిన్నెల అంచులు రాస్తే పుట్టే నాదం. మన జలతరంగంలో గిన్నెల్ని పుల్లలతో కొడతారు, ఇక్కడ వేలితో రాస్తారు. ఆ చప్పుడు వింటే వెన్నులో చలి పుడుతుంది. ఆట మొదలయ్యే నాటికి ఆ వాద్యం పోయి ఫ్లూటు వచ్చి చేరింది. తర్వాత ఏళ్ళలో ఆ ఫ్లూటుకీ గాయనికీ మధ్య ఓ పెద్ద పోటీ పుట్టింది. వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఫ్లూటు ఓ ముక్క అంటుంది, పిల్ల దాన్ని పట్టుకుని తిప్పి ఇస్తుంది. అది ఇంకా పైకి వెళుతుంది, ఈ పిల్ల దాన్ని దాటి వెళుతుంది. ఫ్లూటు బయటి వాద్యమా, లేక ఆ పిల్ల తలలో మోగుతోందా? తేల్చుకోలేం.

సదర్లాండ్ ఈ వేషం మొదట కట్టింది 1959లో లండనులో. అప్పుడావిడకి 32 ఏళ్ళు. డైరెక్టరు ఎవరనుకున్నారు? తర్వాత 1968లో 'రోమియో అండ్ జూలియట్' తీసి కుర్రకారుని ఏడిపించిన జెఫిరెల్లీయే. ఆ ఒక్క రాత్రితో ఆవిడ ప్రపంచ ప్రఖ్యాతి. 1982 నాటికి 23 ఏళ్ళుగా ఆ పిల్ల ఆవిడ గొంతులో కాపురం ఉంది.

ఇప్పుడు మన కెమేరా సంగతి. ఒపేరా 3,800 మంది దూరం నుంచి చూడటానికి పుట్టిన కళ. ఆఖరి వరసవాడికి లూచియా బొటనవేలంత కనపడుతుంది. గొంతు మాత్రం చెవి దగ్గరికే వస్తుంది. ఆ దూరానికి వయసు తెలీదు. అలాంటి దాన్ని టెలివిజన్ వాడు క్లోజప్పులో పట్టి మన ఇంట్లో టేబులు మీద పెట్టాడు! ఏం కనపడుతుంది? పొడగరి, పెద్ద దవడ, నడివయసు దాటిన ఓ పెద్దావిడ. మేకప్పు స్టేజీ కోసం వేసింది, దగ్గరికి ముదురుగా ఉంటుంది. పై స్థాయికి వెళ్ళేటప్పుడు నోరు ఎంత తెరుచుకుంటుందో, ఊపిరికి భుజాలు ఎలా కదులుతాయో అన్నీ కనపడిపోతాయి. మొదటి అంకంలో, ఊట దగ్గర చెలికత్తెతో నా ప్రియుడు అంటూ మురిసిపోయే చోట, మా ఇంట్లో కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు ఫక్కున నవ్వారు. "మావయ్యా, ఈవిడా హీరోయిను?" అన్నాడొకడు.

నవ్వనివ్వండి. నేను వాళ్ళకి రెండు లెక్కలు చెప్పాను, మీకూ చెబుతా.

1979లో 'వేటగాడు' విడుదలయ్యేనాటికి రామారావుగారికి 56 ఏళ్ళు. సరిగ్గా ఈ లూచియా వయసే! పక్కన శ్రీదేవికి ఇంకా 16 నిండలేదు. అంతకు ఏడేళ్ళ ముందు, 1972లో 'బడిపంతులు'లో ఆ పిల్ల ఆయనకి మనవరాలు. హాల్లో ఎవరైనా నవ్వారా? చిల్లర విసిరారు, ఈలలు వేశారు. ఆయన నడక, ఆయన మాట, ఆ దర్జా చూశాక వయసు లెక్కపెట్టే ఓపిక ఎవడికుంది? సరే. ఇంకో లెక్క. మన భానుమతిగారు పుట్టింది 1925లో, సదర్లాండ్ 1926లో. ఇద్దరూ సొంత గొంతుతో పాడుకుంటూ నటించిన వాళ్ళే. సదర్లాండ్ పెళ్ళికూతురు వేషం కట్టిన రెండేళ్ళకి, 1984లో, భానుమతిగారు 'మంగమ్మగారి మనవడు'లో బాలకృష్ణకి నాయనమ్మ. ఎంత బాగా చేశారో, ఎంత బాగా పాడారో వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ గొంతుకి అప్పుడొక ప్రేమపాట ఇచ్చే దమ్ము మన నిర్మాతల్లో ఎవరికైనా ఉందా? 56 ఏళ్ళ హీరోకి పదహారు నిండని పిల్లతో డ్యూయెట్టు పెట్టినవాళ్ళం, అదే ఈడు ఆడమనిషి ప్రేమ గురించి పాడితే నవ్వొస్తోంది మనకి!

దీనికి కారణం కొంత మన ప్లేబాక్ పద్ధతి. ఒక మనిషి చెయ్యాల్సిన పనిని ఇద్దరికి పంచాం. మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. ఘంటసాలగారు రామారావుకీ నాగేశ్వరరావుకీ ఇద్దరికీ పాడి మెప్పించారు. బాలు అయితే ఏ హీరోకి ఆ హీరో గొంతులా మార్చి పాడారు. జానకమ్మ పసిపిల్లకీ పాడారు. అది గొప్ప విద్యే, కాదనను. దానివల్లే లేత మొహానికి పండిన గొంతు దొరికింది. కానీ పండిన గొంతున్న మనిషి మాత్రం చీకటి గదిలో మైకు ముందు ఉండిపోయింది. ఆ మాటకొస్తే ఇటలీవాళ్ళూ ఆ పని చేశారు. 1953లో 'ఐడా' ఒపేరాని సినిమాగా తీస్తూ, తెర మీద సోఫియా లారెన్‌ని పెట్టి వెనక రెనాటా తెబాల్దీ చేత పాడించారు. 1997లో వచ్చిన 'ది ఫిఫ్త్ ఎలిమెంట్'లో నీలం రంగు గ్రహాంతర గాయని పాడుతుందే, అదీ మన లూచియా పిచ్చిపాటే! మొహం మైవెన్ అనే నటిది, గొంతు ఇన్వా ములా అనే ఒపేరా గాయనిది. చూడ్డానికి బాగానే ఉంటుంది.

కానీ సదర్లాండ్ సీను చూశాక మాత్రం అది వేరనిపిస్తుంది నాకు. ఆ కుర్రాళ్ళ చేత ఓ పని చేయించాను. మతి చెదిరిన సీను మొదట్లో కళ్ళు మూసుకోమన్నాను. ఓ రెండు నిమిషాలయ్యాక "ఎవరు పాడుతున్నారు?" అంటే, "చిన్న పిల్ల" అన్నాడు నవ్వినవాడే. కళ్ళు తెరవమన్నాను. ఆ తర్వాత వాడు నవ్వలేదు. ఎందుకంటే ఇప్పుడు రెండూ ఒక్కసారే కనపడుతున్నాయి. బయట అలిసిపోయిన ఓ పెద్దావిడ, లోపల పదహారేళ్ళ పిల్ల. అన్నీ పోగొట్టుకున్న మనిషి మొహం ముసలిదైపోతుంది కదా! నెత్తుటి బట్టల్లో ఆ మొహం నాకైతే పొరపాటుగా తోచలేదు. ఒక్క రాత్రిలో లూచియా ఆ వయసుకి వచ్చేసిందనిపించింది. ఏ ఇరవయ్యేళ్ళ అందగత్తె పెదవులు కదిపినా ఈ ఎఫెక్టు రాదు. గొంతు ఎక్కడ పుడుతోందో, ఎంత ఖర్చవుతోందో ఆ దవడా ఆ భుజాలే చెబుతాయి.

ఆవిడలో లోపం లేదని కాదు. మాట స్పష్టంగా పలకదు. హల్లులన్నీ నాదంలో కరిగిపోతాయి. ఇటాలియన్ వచ్చిన వాళ్ళకే మాట దొరకదని విమర్శకులు ఆవిడ బతికున్నంత కాలం గొణిగారు. మనకెలాగూ కింద అక్షరాలు పడతాయి కాబట్టి బాధ లేదు. పైగా మతిపోయిన పిల్లకి ఉచ్చారణ దేనికని నేను సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు కాలం మారింది. 2006 డిసెంబరు నుంచి అదే మెట్రోపాలిటన్ వాళ్ళు ఆటల్ని నేరుగా సినిమాహాళ్ళకి ప్రసారం చెయ్యడం మొదలుపెట్టారు. టీవీ పెట్టె పోయి వెండితెర వచ్చింది. నోట్లో పన్ను కూడా లెక్కపెట్టొచ్చు. దానికి రెండేళ్ళ ముందే, 2004లో, లండనులో డెబొరా వాయిట్ అనే గొప్ప గాయనిని ఒక నల్ల గౌనులో పట్టదని వేషం నుంచి తీసేశారు. గొంతుకి వంక పెట్టలేదు సుమండీ, నడుముకి పెట్టారు. 2009లో అన్నా నెత్రెబ్కో లూచియా వెండితెర మీదకొచ్చింది. అందగత్తె, నటన తెలిసిన మనిషి, చూస్తే ఎవరైనా ప్రేమిస్తారు. ఫ్లూటుతో పోటీ వచ్చేసరికి మాత్రం నేను 1982 డిస్కు కోసం చెయ్యి చాచాను. ఒపేరా వాళ్ళు కూడా మన దారిలోకే వచ్చేస్తున్నారని నాకో భయం. మొహం చూసి వేషం ఇవ్వడం మొదలుపెడితే రేపు 56 ఏళ్ళ గొంతు ఎక్కడికి పోవాలి?

అన్నట్టు డోనిజెట్టి గురించి ఒక మాట చెప్పాలి. ఈ పిచ్చిపాట రాసిన రెండేళ్ళకే, 1837లో, ఆయన భార్య చనిపోయింది. 1846లో ఆయనకే మతి చెడితే పారిస్ దగ్గర ఇవ్రీలో పిచ్చాసుపత్రిలో పెట్టారు. 1848లో సొంత ఊరు బెర్గామోలో పోయాడు. అప్పటికి 50 ఏళ్ళు. డెబ్బై దాకా ఒపేరాలు రాసిన మనిషి.

సదర్లాండ్ 1990లో స్టేజీ దిగింది, 2010లో కన్నుమూసింది. క్రౌస్ అంతకు ముందే, 1999లో పోయాడు. పాపం ఆయన గురించి ఎవరూ మాట్లాడరు. లూచియా పాట అవగానే చప్పట్లు హోరెత్తిపోతాయి, ఇక ఆట అయిపోయిందనిపిస్తుంది. ఒకప్పుడు కొన్నిచోట్ల హీరోయినుల ముచ్చట కోసం నిజంగా అక్కడే తెర దించేసేవారట! కానీ ఇంకా ఒక సీనుంది. సమాధుల మధ్య ఎద్గార్దో ఒంటరిగా. లూచియా సుఖంగా కాపురం చేసుకుంటోందని వాడి నమ్మకం. కోట నుంచి జనం వస్తారు, గంట మోగుతుంది, అప్పుడు తెలుస్తుంది వాడికి. పొడుచుకున్నాక కూడా పాట ఆపడు. మధ్యలో వరస సెల్లో వాద్యం అందుకుంటుంది, వాడు మాటలు మాత్రం తెగిపోతూ తెగిపోతూ కలుపుతాడు. దాదాపు 55 ఏళ్ళ క్రౌస్ ఆ చోట గొంతు పెంచడు, కన్నీళ్ళు పెట్టుకోడు, గీత గీసినట్టు పాడతాడు. టీ పెట్టుకోవడానికి లేవాలనుకుంటే ఆ సీను అయ్యాక లేవండి.